ప్రేమ విందు, అందరూ రండి

మేడ మీది గది నుంచి

వదినకు వందనాలు.

నువ్వు బాగున్నావనే తలుస్తున్నాను. తలుస్తున్నానే గాని నమ్మకం కుదరడం లేదు. పోయిన ఉత్తరంలో నీ అక్షరాలన్నీ కుడివైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. చెయ్యి లాగుతోందా? కళ్ళు తిరుగుతున్నాయా? మీ పెద్దవాడి పిండిమర ఆడుతుంటే బల్ల ఊగిందని రాస్తావు, నాకు తెలుసు. అయినా ఒకసారి చూపించుకో.

ఇక్కడ మాకు ముంచుకొచ్చిన సంగతి ఏమిటంటే, చర్చిలో మగవాళ్ళకి ఉన్నట్టుండి హుషారు పుట్టింది. పురుషుల సహవాసం అంటే ఇన్నాళ్ళూ ఏం చేశారు చెప్పు? ఆరాధన అయ్యాక బెంచీలు జరపడం, మైకు పలక్కపోతే దాని చుట్టూ నిలబడి హలో హలో అనడం. అంతేనా? అలాంటి వాళ్ళు ఈ క్రిస్మస్‌కి వీధి వీధంతటికీ మేమే వండి పెడతాం అని తీర్మానం చేశారు. లేచి ఆ మాట అన్నది నీ కొడుకే. మంచి పని చేసిన రోజున నా అల్లుడు, ఇలాంటివి నెత్తికెత్తుకున్న రోజున నీ కొడుకు. ముందే చెబుతున్నాను.

మా వీధి సంగతి నీకు తెలుసు గదా. ఒక్కో గుమ్మానికి ఒక్కో భాష. ఒకరు కళ్ళు మూసుకుని మొక్కుతారు, ఒకరు నేలకి నుదురు ఆనిస్తారు, ఒకరికి దేవుడన్న మాటే గిట్టదు. ఒకరు తినేది ఇంకొకరు చూస్తేనే లేచి వెళ్ళిపోతారు. అందరూ రావాలి, ఎవరూ మొహమాటంతో కడుపు మాడ్చుకుని పోకూడదు, మన ఆడవాళ్ళెవరూ గరిటె ముట్టకూడదు, వచ్చి కుర్చీల్లో కూర్చుని తినాలి. ఇదీ తీర్మానం. మీ కోడలు ఎగిరి గంతేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. ఉడికిందో లేదో ఎవరు చూస్తారు? మంటలు అంటుకుంటే?

అలవాటు కోసమని మొన్న చర్చి వెనక వంటగదిలో ఒక కుండెడు కూర వండారు. పాస్టరుగారు ఉప్పు వేశారు. ఎవరూ వెయ్యలేదేమోనని పళ్ళ డాక్టరు వేశాడు. నీ కొడుకు రుచి చూడకుండానే "కొంచెం తగ్గినట్టుంది" అని వేశాడు. పళ్ళ డాక్టరు ఉల్లిపాయలు తరగడానికి ఆసుపత్రి కళ్ళద్దాలూ మూతిగుడ్డా వేసుకుని వచ్చాడు. అయినా ఏడ్చాడు. కిటికీలోంచి నేను "నీళ్ళు కలపండి బాబూ" అంటే "ఆడవాళ్ళు మాట్లాడకూడదు" అని నీ కొడుకు కిటికీ మూసేశాడు.

వాళ్ళల్లో బుద్ధిగా ఉన్నది కుర్చీలు అల్లే పెద్దమనిషి ఒక్కరే. హాల్లో పాత పేము కుర్చీలు చిరిగిపోయి ఉంటే మెట్ల కింద కూర్చుని బాగు చేస్తున్నారు. మాంసం కుండలో పెట్టిన గరిటె కూరగాయల కుండలో పడితే కొందరు తినరని నేను బెంగపడుతుంటే, కుర్చీలాయన గరిటె పిడులకి పేము చుట్టి ఇచ్చారు. మాంసం గరిటెకి గరుకు అల్లిక, కూరల గరిటెకి నున్నటి చుట్టు. చూసుకోకుండా తీసినా చేతికి తెలిసిపోవాలన్నారు. ఆయన దగ్గు మాత్రం తగ్గలేదు. ఆయనకి కషాయం కాచి ఇద్దామంటే ఎవరేమనుకుంటారోనని ఊరుకున్నాను.

ఇంకో మాట ఉంది. అది రాయకూడదు. ఉంటాను.

పిండిమర వెనక ఇంటి నుంచి

గాభరా వదినకు,

నా చెయ్యి బాగుంది. కళ్ళు బాగున్నాయి. బల్ల ఊగింది.

బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నప్పుడు నీకు గాభరా అని పేరు పెట్టినదాన్ని నేను. పిల్లల పెళ్ళితో వియ్యపురాళ్ళమయ్యాం గనక మర్యాదకి వదిన అని చివర తగిలించాను. అంతకన్నా నువ్వేమీ మారలేదు, నేనూ మారలేదు. నా దగ్గరా దాపరికం?

నీ ఉత్తరం మళ్ళీ చదివి చూసుకో. మొదట "కుర్చీలు అల్లే పెద్దమనిషి". కొంత దూరం పోయాక "కుర్చీలాయన". కాగితం తిప్పేసరికి ఉత్త "ఆయన". ఆయన దగ్గు, ఆయనకి కషాయం! ఉత్త ఆయన అంటే మన ఇళ్ళల్లో ఎవరిని అంటారే? మావారు పోయినప్పటి నుంచి నేను పాలు పోసే మనిషిని కూడా ఆయన అనలేదు.

నా కొడుకు ఉప్పు సంగతి విని మీ అన్నయ్యే గుర్తొచ్చారు. ఆ చెయ్యి తండ్రిదే. అన్నంలో కూడా కారం వేసిన చెయ్యి.

రాయకూడని మాట వెంటనే రాయి. ఆలస్యం చేస్తే నా కోడలికి ఫోను చేసి అడుగుతాను.

మేడ మీది గది నుంచి, తలుపు గడియ పెట్టుకుని

వదినా,

ఫోను చెయ్యకు, నీకు పుణ్యం ఉంటుంది. రాసేస్తున్నాను. చదివి పొయ్యిలో పడెయ్యి. పొయ్యిలో పడేసేటప్పుడు చీర కొంగు జాగ్రత్త.

కుర్చీలాయన (చూడు, సరిగ్గానే రాశాను) చలి మొదలు కాకముందు ఒకరోజు కుర్చీ అల్లుతూ "ఈ కొస కాస్త పట్టుకుంటారా" అన్నారు. పట్టుకున్నాను. ఆయన లాగి బిగించారు. నేను వదల్లేదు. అప్పుడు తల ఎత్తకుండానే "మీరు మీ గదిలో ఒక్కరే, నేను నా గదిలో ఒక్కణ్ణే. ఇద్దరం విడివిడిగా కాచుకుని విడివిడిగా మాడ్చుకోవడం దేనికండీ? పాస్టరుగారికి చెప్పి ఒకటైపోదామా?" అన్నారు. కుర్చీ బాగు చేయించుకుంటారా అన్నట్టే అడిగారు వదినా! నేను పేము కొస వదిలేశాను. అల్లిందంతా ఊడిపోయింది.

"తొందర లేదు, పండుగ దాకా ఆగుతాను. మీరు కాదంటే మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాను. రోజూ కళ్ళ ముందు తిరుగుతూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టను" అన్నారు. మళ్ళీ మొదటి నుంచి అల్లుకున్నారు పాపం.

అప్పటి నుంచి నా గుండె దడ ఆగలేదు. ఆయన వెళ్ళిపోతారేమోనని ఒక దడ. ఉంటే ఏం చెయ్యాలని ఒక దడ. అమ్మాయి ఏమంటుంది? నాన్న కుర్చీలో ఇంకొకరినా అంటే నేనేం చెప్పను? చేసుకున్నాక ఆయన ముందు పోతే మళ్ళీ విధవరాలినవుతానా? నేనే ముందు పోతే ఆయనకి ఉప్పు డబ్బా ఎక్కడుందో ఎవరు చెబుతారు? నీ కొడుక్కి కొత్త మామగారు వస్తే నలుగురిలో వాడికి తలవంపులు కదా? అన్నిటికన్నా పెద్ద బెంగ, నువ్వు ఏమనుకుంటావోనని.

సరే అనాలని ఉంది. ఒక్కసారి రాసి చూసుకున్నాను, అంతే. అమ్మాయితో అనకు.

పిండిమర వెనక ఇంటి నుంచి

వదినకు,

ఉత్తరం అందింది. సంతోషం. పెద్దవాళ్ళు మీరు, మీ ఇష్టం. నేనెవరికీ చెప్పను. ఇక్కడ అందరూ క్షేమం. మర నడుస్తోంది.

ఉంటాను.

మేడ మీది గది నుంచి

వదినా,

గాభరా అని రాయలేదేం? చిన్నప్పటి నుంచి ఆ పేరు లేకుండా నీ ఉత్తరం చూడలేదు. కవరు తిప్పి చూశాను, లోపల ఇంకో కాగితం ఇరుక్కుందేమోనని దులిపి చూశాను. కోపం వచ్చింది కదూ? వియ్యపురాలు ఇలాంటి మాట రాయవచ్చా అనుకున్నావు కదూ? కోప్పడితే కోప్పడు గాని ఈ ఒక్క ఉత్తరం చదువు. ఇకమీద నీకు ఎక్కువ రోజులు శ్రమ ఉండదు.

వదినా, నేను పోతున్నట్టున్నాను.

నవ్వకు. రుజువులున్నాయి. మొన్న నీరసంగా ఉందని రక్తం తీయించుకున్నాను. తీసినది మా వీధిలోని నర్సే. ఫలితం ఇంకా రాలేదంది. ఆ మర్నాటి నుంచి వీధి మొత్తం నన్ను చూసే చూపు మారిపోయింది.

ముందు ఆ నర్సే గుమ్మంలో నన్ను ఆపి, రెండు చేతులూ పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిప్పుకుంది. "ఉన్నన్నాళ్ళు సంతోషంగా ఉండాలి" అంది. ఉన్నన్నాళ్ళు! ఎదురింటి బస్సు డ్రైవరు టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి వాళ్ళ మేడ మీద కూర్చుని బాకా ఊదడం మొదలుపెట్టాడు. ఎంత నెమ్మదైన రాగమో! శవయాత్రలో వెనకాల నడుస్తుంటే వాయించేది సరిగ్గా అలాగే ఉంటుంది. కింద కుట్టుమిషను ఆవిడ ఉంది చూడు, మన భాష నాలుగు ముక్కలు వచ్చినావిడ, నన్ను లోపలికి లాగి కూర్చోబెట్టి, టేపు తీసి నా భుజాలు, చేతులు, మెడ నుంచి పాదాల దాకా కొలిచింది. ఎందుకమ్మా అంటే, "తెల్లది. మెత్తనిది. చెప్పకూడదు" అని నోటి మీద వేలు పెట్టింది. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు వేసేది కాకపోతే తెల్లబట్ట నాకెందుకు వదినా?

కుర్చీలాయనకి కూడా తెలిసిపోయినట్టుంది. దారిన పోయే మగవాళ్ళందరూ ఆయన వీపు తట్టి వెళుతున్నారు. ఓదార్చడం కాకపోతే మరేమిటి? ఆయన పిచ్చి మనిషి, గరిటెలకి చుట్టిన పేము బాగుందని మెచ్చుకుంటున్నారనుకుంటున్నారు.

అమ్మాయి, నీ కొడుకు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నారు. నాకు తెలియకూడదని దాస్తున్నారు. నీ కొడుకు ఎంత బాగా నటిస్తున్నాడంటే, నిన్న కూడా "అత్తయ్యా, మీ దగ్గర పెద్ద జల్లెడ ఉందా?" అని అడిగాడు.

పండుగ నోటీసులు కూడా నేను రక్తం తీయించుకున్న రోజే ఇంటింటికీ వెళ్ళాయి. నీ కొడుకు రాసినది ఇది: "ప్రేమ విందు. అందరూ రండి. చేతులు ఊపుకుంటూ రండి, ఆకలితో రండి. ఈ ఇద్దరినీ పలకరించండి: మేడ మీది అమ్మమ్మ, కుర్చీల తాతగారు." ఎంతమంది వస్తారో ముందుగా ఎవరికైనా చెప్పాలి గదా, పగలు ఇంటిపట్టున ఉండేది మేమిద్దరమేనని మా పేర్లు వేశాడు. దాన్ని నర్సు ఒక భాషలోకి, డ్రైవరు ఒక భాషలోకి, కుట్టుమిషను ఆవిడ ఒక భాషలోకి మార్చి పెట్టారు. ప్రేమ విందు అంటే వాళ్ళకి తెలియకపోతే నీ కొడుకే విడమరిచి చెప్పాడట, "ప్రేమ అంటే ప్రేమే, విందు అంటే పెళ్ళిలో పెడతాం చూడండి, అలాంటి భోజనం" అని. అందరూ ఎంతో మర్యాదగా పలకరిస్తున్నారు. పోయేదాన్ని గదా.

అందుకని నిర్ణయం చేసుకున్నాను. పండుగ రోజున ఆయనకి వద్దని చెప్పేస్తాను. పోయేదాన్ని తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో ఎందుకు పడెయ్యాలి? వాళ్ళ చెల్లెలి దగ్గరే క్షేమంగా ఉంటారు. కషాయం ఎలా కాచాలో ఒక కాగితం మీద రాసిస్తాను.

ఆశీర్వదించు. కోపం పోతే గాభరా అని ఒక కార్డు రాయి.

పిండిమర వెనక ఇంటి నుంచి

గాభరా! గాభరా! గాభరా! చాలా?

ఇది నీకు పండుగ లోపల అందుతుందో లేదో, మీ అమ్మాయికి ఫోను చేస్తే ఎత్తడం లేదు, నా కొడుకు ఎత్తి "అమ్మా, ఉల్లిపాయలు" అని పెట్టేశాడు. అందుకని పరుగున రాస్తున్నాను.

ముందు నా కోపం సంగతి. కోపం కాదు, అలక. మా పెద్దవాడి పిల్ల పెళ్ళయిపోతే నేనొచ్చి నీ మేడ గదిలో రెండో మంచం వేసుకుంటానని అనుకున్నాం గదా. నీ ఉత్తరం చదవగానే నా మంచం ఎవరో ఎత్తుకుపోయినట్టు అయింది. ఒక పూట మూతి ముడుచుకున్నాను, ఆ పూటే నీకు ఆ ఎండిపోయిన ఉత్తరం రాసి పడేశాను. మర్నాడు పిండి జల్లిస్తూ నాకు నేనే సిగ్గుపడ్డాను. నీ పక్కన మనిషి ఉంటే నేను రావడం మానేస్తానా? కింద అమ్మాయి గదిలో పడుకుంటాను. పోట్లాడడానికి ఇద్దరు దొరుకుతారు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం చదువుతూ నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, మరలోంచి పెద్దవాడు పరుగెత్తుకొచ్చాడు. ఓసి వెర్రిదానా! నువ్వు పోవడం లేదే. నీకు పెళ్ళి చేస్తున్నారు!

మన చర్చి మాట పక్కన పెట్టి, ఏమీ తెలియని మనిషిలా ఆ నోటీసు చదువు. మనకి ప్రేమ విందు అంటే అందరం కలిసి తినే అన్నం. పక్కవాడికి? ప్రేమ! పెళ్ళి భోజనం! కింద ఒక ఆడపేరు, ఒక మగపేరు! పైగా ఈ ఇద్దరినీ పలకరించండట! నా కొడుకు చదువుకున్నవాడు గదా, ఇంకెవరికైనా ఇంత శుభ్రంగా రాయడం చేతనవుతుందా? నర్సు కళ్ళనీళ్ళు పెళ్ళికి. బాకా పెళ్ళికి. తెల్లబట్ట పెళ్ళికి!

వద్దు అని మాత్రం అనకు. అన్నావో, నేనే వచ్చి ఆయన్ని చేసుకుంటాను.

మేడ మీది గది నుంచి

వదినా, వదినా,

నీ ఉత్తరం పండుగ మర్నాడు వచ్చింది. ఒక్కరోజు ముందు వస్తే నా పరువు దక్కేది. ఇంకో రకంగా చూస్తే, ముందు వస్తే నేను భయపడి హాలుకే వెళ్ళేదాన్ని కాదు. ఎలా చూడాలో నాకింకా తేలలేదు. జరిగింది రాస్తాను.

హాలంతా కాగితపు నక్షత్రాలు కట్టారు. ఒకటి ఊడి పప్పులో పడింది. నీ కొడుకు చటుక్కున తీసి జేబులో పెట్టుకున్నాడు. మగవాళ్ళందరూ పళ్ళ డాక్టరు ఇచ్చిన ఆకుపచ్చ ఆసుపత్రి అంగీలు వేసుకుని వరసగా నిలబడ్డారు. వడ్డించేవాళ్ళో, ఆపరేషను చేసేవాళ్ళో తెలియలేదు. అన్నం ముద్దయిపోయి గరిటెకి అంటుకుని పళ్ళెంలోకి రానంది. దీని పేరేమిటని డ్రైవరు అడిగితే నీ కొడుకు తడబడకుండా "మాది ప్రత్యేకం" అన్నాడు. అతను మళ్ళీ పెట్టించుకున్నాడు.

వీధి మొత్తం వచ్చింది. ఎలా వచ్చారనుకున్నావు! నగలు, కోట్లు, పిల్లల తలల్లో పూలు. చేతులు ఊపుకుంటూ రమ్మంటే ఒక్కరూ వట్టి చేతుల్తో రాలేదు. ఇద్దరు కప్పుకునే బొంత, జంట కప్పులు, జంట దిళ్ళు. అందరూ నా ముందుకొచ్చి నన్ను ముద్దు పెట్టుకుని ఆయన చెయ్యి ఊపుతున్నారు. కుట్టుమిషను ఆవిడ పొడుగాటి తెల్ల అంగీ తెచ్చి నా భుజాల మీద కప్పింది. ఇదేమిటమ్మా, ఇక్కడే, ఇప్పుడేనా అనుకున్నాను. మమ్మల్నిద్దరినీ లాక్కెళ్ళి ముందు రెండు కుర్చీల్లో కూర్చోబెట్టారు. పెద్దవాళ్ళని గౌరవిస్తున్నారనుకుని పాస్టరుగారు కూడా చప్పట్లు కొట్టారు!

అప్పుడు కుట్టుమిషను ఆవిడ పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి గట్టిగా అడిగింది, "ప్రమాణం ఎప్పుడు? ముందా, తిన్నాకా?"

"ఏ ప్రమాణం అమ్మా?"

"పెళ్ళి ప్రమాణం."

పాస్టరుగారు నా వైపు చూశారు, ఆయన వైపు చూశారు, ఒళ్ళో దిళ్ళు చూశారు. మైకు తీసుకున్నారు. ఎన్నడూ లేనిది ఆ రోజే అది ఒక్క దెబ్బకి పలికింది. "ప్రియమైన ఇరుగుపొరుగువారలారా, ఎక్కడో పొరపాటు జరిగింది. ఇది పెళ్ళి కాదు. ప్రేమ విందు అంటే మా మాటల్లో అందరం కలిసి చేసే భోజనం. అంతే" అన్నారు.

నర్సు వాళ్ళవాళ్ళకి చెప్పింది. డ్రైవరు వాళ్ళవాళ్ళకి చెప్పాడు. ఒక్కో మూలా నవ్వు ఆరిపోతూ వచ్చింది వదినా, దీపాలు ఆర్పుకుంటూ వచ్చినట్టు. ఎవరి కానుక వాళ్ళు వెనక్కి దాచుకోవాలో ఇవ్వాలో తెలియక నిలబడ్డారు. కుట్టుమిషను ఆవిడ మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. నీ కొడుకు తల పట్టుకుని వంటగది గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ల కష్టం, ఇంతమందిని పిలిచి నవ్వులపాలు చేశామే అని.

అప్పుడు ఆయన లేచారు. "మీ తప్పేమీ లేదు. ఈవిడకి దీంతో ఏ సంబంధమూ లేదు, చేసుకుంటారా అని అడిగింది నేనే, ఈవిణ్ణి ఎవరూ ఏమీ అనుకోవద్దు. మీరు తెచ్చినవి దయచేసి మీ ఇళ్ళకి తీసుకెళ్ళండి. కడుపునిండా తినండి. నేనెలాగూ రేపు మా చెల్లెలి ఊరు వెళ్ళిపోతున్నాను" అన్నారు. దగ్గు వచ్చి ఆగారు.

నేను వద్దని చెప్పడానికి కదా వెళ్ళింది? చెప్పకముందే ఆయన విన్నట్టు అయిపోయింది. రేపు అన్న మాట నా చెవిలో పడింది. ఇంకో మాట కూడా అప్పుడే బుర్రలోకి ఎక్కింది. లేచి నిలబడి అడిగాను.

"పాస్టరుగారూ, అయితే నేను పోవడం లేదా?"

"ఎక్కడికమ్మా?"

"పైకి."

నర్సు అక్కణ్ణుంచే అరిచింది. "మీకు రక్తం కొంచెం తక్కువ! ఆకుకూరలు తినండి! మీరు మమ్మల్నందరినీ సాగనంపుతారు!"

"మరి ఉన్నన్నాళ్ళు అన్నావేమమ్మా?"

"పెళ్ళికూతురికి అలాగే చెబుతారు మాలో!"

మీ కోడలు అతిథుల వరసలోంచి లేచింది. అదీ ఆ రోజు గరిటె ముట్టకూడని ఆడవాళ్ళలో ఒకతె గదా, చేతిలో పళ్ళెంతోనే వచ్చింది.

"అమ్మా, ఆయన నిజంగానే నిన్ను అడిగారా?"

"అడిగారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వేమనుకుంటావోనని."

"ఏమనుకుంటాను! ఇన్నేళ్ళుగా నీ మంచం కింద దొంగ ఉన్నాడేమోనని రోజూ వంగి చూసేది నేను. నా నడుం పోయింది. ఆ పని చేస్తానని ఒక మనిషి వస్తే వద్దంటానా?" అంది. అంటూనే ఏడ్చింది. "నాన్న ఉంటే ఆయన్ని మెచ్చుకునేవారమ్మా" అంది. నేనూ ఏడ్చాను. ఆయన అంగీ చేతితో కళ్ళు తుడుచుకుని, "వంగి చూస్తానండీ, నాకు నడుం బాగానే ఉంది" అన్నారు.

నీ కొడుకు వంటగది గుమ్మంలోంచి గరిటె ఊపుతూ "అత్తయ్యా, పాలు పొంగిపోతున్నాయి, అవునో కాదో తొందరగా చెప్పండి!" అన్నాడు.

మైకు నా చేతికి ఎవరిచ్చారో తెలియదు. "సరే" అన్నాను. "కాని ముందు ఆ దగ్గు చూపించుకోవాలి" అన్నాను.

మనవాళ్ళు గొల్లున నవ్వారు. ఆ తర్వాతే అసలు తమాషా. నర్సు చెప్పగానే ఎడమ మూల నుంచి కేకలు. అవి తగ్గేలోపు కుట్టుమిషను ఆవిడ చెప్పగానే వెనక నుంచి కేకలు. డ్రైవరు తనే ఉబ్బితబ్బిబ్బై వాళ్ళవాళ్ళకి చెప్పడం మరిచిపోయాడు. అందరూ నవ్వేసి కూర్చున్నాక వాళ్ళు ఒక్కసారిగా లేచి అరిచారు. మళ్ళీ అందరం నవ్వాం. ఆ తర్వాత డ్రైవరు బాకా ఊదాడు. అదే రాగం. వాళ్ళలో పెళ్ళికూతురు నడిచి వచ్చేటప్పుడు అదే వాయిస్తారట. నేను దాన్ని విని ఎన్ని రాత్రులు ప్రార్థన చేసుకున్నానో!

పాలు పొంగిపోయాయి. అడుగంటిన పాయసమే అందరం తిన్నాం. ఎవరూ గరిటెలు తారుమారు చెయ్యలేదు, ఎవరూ ఆకలితో పోలేదు. కానుకలు తిరిగి పట్టుకెళ్ళమంటే ఒక్కరూ వినలేదు. నా గదిలో ఇప్పుడు దిళ్ళకి చోటు లేదు. పెట్టె మీద పెట్టాను, పడిపోతాయేమోనని చూస్తున్నాను.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఇది. కొత్త సంవత్సరం వచ్చాక ఒక శనివారం పాస్టరుగారు ప్రార్థన చేసి మమ్మల్ని ఒకటి చేస్తామన్నారు. వీధిలో అందరినీ పిలుద్దామని ఇంటింటికీ వెళ్ళాను. కుట్టుమిషను ఆవిడ ఆశ్చర్యపోయింది. "మళ్ళీనా? మీ పెళ్ళికి వచ్చాం గదా, తిన్నాం గదా, ఏడ్చాం గదా!" అంది. నర్సుకి ఆ రోజు డ్యూటీ అట. డ్రైవరు "అయిపోయిందిగా" అని మళ్ళీ టోపీ తీశాడు. ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కడం లేదు.

వీధంతా విందు తిని వెళ్ళిపోయింది వదినా. ఇక పెళ్ళొక్కటే మిగిలింది. దానికి రావలసింది నువ్వే.